అడవి ఫైలు ఢిల్లీకి ఎలా చేరింది? పర్యావరణ చట్టాల్లో ఇందిరా గాంధీ పాత్ర

2025 మార్చి చివర్లో హైదరాబాద్‌లో చాలామంది ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరిగాయి. రాత్రిపూట లైట్లు వేసుకుని పనిచేస్తున్న జేసీబీలు, ఆ చప్పుడు మధ్య నెమళ్ల అరుపులు. సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాల భూమి అది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయమంది. అప్పుడు టీ కొట్ల దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ తరచుగా వినబడిన మాట: "అది ప్రభుత్వ భూమే కదా! రికార్డుల్లో అడవి అని కూడా లేదు. తన భూమిలో ప్రభుత్వం చెట్లు కొట్టుకుంటే ఢిల్లీకేం పని?"

ప్రశ్న సబబైనదే. జవాబు కోసం మాత్రం 45 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1980 అక్టోబర్ 25న ఒక ఆర్డినెన్స్ వచ్చింది. రెండు నెలలకు అదే అటవీ సంరక్షణ చట్టమైంది. మొత్తం కలిపి ఐదు సెక్షన్లు. దాన్ని తెచ్చిన ప్రధానమంత్రి అప్పటికి మన మెదక్ ఎంపీ.

ఇందిరమ్మ అనగానే తెలుగువాళ్లకు ఇళ్లు గుర్తొస్తాయి, ఇరవై సూత్రాల పథకం గుర్తొస్తుంది, ఎమర్జెన్సీ గుర్తొస్తుంది. అడవి గుర్తురాదు. కానీ ఈ రోజు పర్యావరణం మీద ఏ కేసు కోర్టుకెక్కినా లాయర్లు ఎత్తిచూపే చట్టాల్లో సగానికి సగం ఆవిడ హయాంలోవే. వాటిని తలుచుకుని ఆమెను ఆకాశానికెత్తేవాళ్లున్నారు. అవే చట్టాలను చూపించి, ఆదివాసీని సొంత ఊళ్లోనే దొంగను చేసింది ఈమేనని అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి దగ్గరా గట్టి ఆధారాలున్నాయి. అదే ఈ విషయంలోని చిక్కు.

## "కొట్టొద్దు" వేరు, "అడగకుండా కొట్టొద్దు" వేరు

ముందు ఒక అపోహ తీసేసుకుందాం. 1980 చట్టం చెట్లు నరకడాన్ని నిషేధించిందని చాలామంది అనుకుంటారు. అందులో ఆ మాట లేదు. రిజర్వ్ ఫారెస్ట్‌ను ఆ హోదా నుంచి తప్పించాలన్నా, అటవీ భూమిని అడవికి సంబంధం లేని పనికి వాడాలన్నా, రాష్ట్ర ప్రభుత్వం ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలి. చట్టం ప్రాణమంతా ఆ ఒక్క సెక్షన్‌లోనే ఉంది. మిగతావన్నీ దానికి తోడుగా పెట్టినవి.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. రెండు మండలాల మధ్య రోడ్డు వేయాలి. దారిలో 10 హెక్టార్ల రిజర్వ్ ఫారెస్ట్ అడ్డుగా ఉంది. 1975లో అయితే ఏం జరిగేది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1967 నాటి సొంత అటవీ చట్టం ఉంది. ఫైలు జిల్లా నుంచి హైదరాబాద్ సచివాలయానికి వెళ్తుంది. మంత్రిగారు సంతకం పెడతారు, జీవో వస్తుంది, గొడ్డళ్లు లేస్తాయి. పైన అడిగేవాళ్లు లేరు.

1980 తర్వాత అదే ఫైలు ఢిల్లీ వెళ్లాలి. తర్వాత్తర్వాత రూల్స్, సుప్రీంకోర్టు ఉత్తర్వులు తోడై ఆ ప్రయాణం ఇంకా పొడుగైంది. ఇప్పుడు మొదటి దశలో సూత్రప్రాయంగా ఒప్పుకుని షరతులు పెడతారు. పోయిన అడవికి బదులుగా మరోచోట భూమి చూపించి మొక్కలు పెంచాలి. అడవి ఇచ్చే మేలుకు లెక్కగట్టిన ధర చెల్లించాలి. ఇవన్నీ తీరాక రెండో దశ అనుమతి. అప్పుడే చెట్టు మీద గొడ్డలి పడాలి.

రోడ్డు ఆగిపోయిందా? చాలాసార్లు ఆగదు. ఎవరి సంతకంతో వేయాలన్నదే మారింది. ఇందిర పర్యావరణ రాజకీయం మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆవిడ ప్రకృతిని కాపాడటానికి ఎంచుకున్న దారి, సంతకాన్ని రాష్ట్ర రాజధాని నుంచి ఢిల్లీకి మార్చడం. మంచీ చెడ్డా రెండూ ఆ దారిలోనే వచ్చాయి.

ఇంత గట్టి మందు ఎందుకు అవసరమైందంటే, ప్రభుత్వమే చెప్పే లెక్క ప్రకారం 1950-80 మధ్య దేశంలో దాదాపు 43 లక్షల హెక్టార్ల అటవీ భూమి వేరే పనులకు మళ్లింది. డ్యాములు, సాగు, ఫ్యాక్టరీలు, కాలనీలు. ఏ ముఖ్యమంత్రికైనా అడవి అంటే పంచిపెట్టడానికి సులువుగా దొరికే భూమే. అందులో ఉండేవి ఓటేయవు కదా.

## రాష్ట్రాలు అడిగితేనే చట్టం: 1972 నాటి తిప్పలు

రాజ్యాంగంలో అధికారాల పంపకానికి మూడు జాబితాలున్నాయి. కొన్ని విషయాల మీద కేంద్రమే చట్టం చేయాలి. కొన్నిటి మీద రాష్ట్రమే. మూడోది ఉమ్మడి జాబితా, అందులో ఇద్దరూ చేయొచ్చు. మొదట్లో అడవులూ వన్యప్రాణులూ రాష్ట్రాల జాబితాలోనే ఉండేవి. అంటే పులిని వేటాడొద్దని పార్లమెంటు నేరుగా చట్టం చేయడానికి వీల్లేదు.

అప్పట్లో పులివేట రహస్యమేమీ కాదు. లైసెన్సు తీసుకుని చేసుకునే సరదా. విదేశీ అతిథులను అడవికి తీసుకెళ్లి పులిని కొట్టించే షికార్ కంపెనీలు ఉండేవి, వాటివల్ల డాలర్లు వచ్చేవి. 1969 నవంబర్‌లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ఢిల్లీలో సమావేశమై పులి అంతరించే దశకు చేరిందని హెచ్చరించింది. 1970లో వేట నిషేధం వచ్చింది. 1972లో అడుగుజాడల ఆధారంగా లెక్కపెడితే తేలిన పులులు 1,827.

నిషేధం నిలవాలంటే దేశమంతటికీ ఒకే చట్టం కావాలి. దానికి రాజ్యాంగంలో ఒక పక్కదారి ఉంది, 252వ అధికరణం. కనీసం రెండు రాష్ట్రాల శాసనసభలు "మా తరఫున మీరే చట్టం చేయండి" అని తీర్మానం చేస్తే పార్లమెంటు చేయొచ్చు. ఇందిర ప్రభుత్వం ఆ దారి పట్టింది. 11 రాష్ట్రాలు తీర్మానాలు పంపాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మూలప్రతి తెరిస్తే మొదటి పేజీలోనే ఆ రాష్ట్రాల పేర్లు వరసగా కనిపిస్తాయి. అక్షరక్రమం పుణ్యమా అని అందరికంటే ముందున్న పేరు ఆంధ్రప్రదేశ్. ముసాయిదా రాసింది ఎం.కె. రంజిత్‌సిన్హ్ అనే ఐఏఎస్ అధికారి, గుజరాత్‌లోని వాంకానేర్ రాజకుటుంబీకుడు.

1973 ఏప్రిల్ 1న కార్బెట్ పార్కులో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. దాన్ని ముందుండి నడిపించిన కేంద్రమంత్రి కరణ్ సింగ్ కూడా రాజకుటుంబం వాడే. మొదటి తొమ్మిది అభయారణ్యాల్లో తెలుగు నేల లేదు. మన నాగార్జునసాగర్-శ్రీశైలం 1983లో చేరింది.

1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చినప్పుడూ ఇదే 252 దారి. రాష్ట్రాలను బతిమాలుకోవాలి, తీర్మానాలు తెప్పించుకోవాలి, చేరని రాష్ట్రాన్ని వదిలేయాలి. ఈ తిప్పలు గుర్తుంచుకోండి. 1976లో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఇవి కావాలి.

## స్టాక్‌హోమ్‌లో అన్నదేమిటి, మనం గుర్తుపెట్టుకున్నదేమిటి

1972 జూన్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి మొదటి పెద్ద సదస్సు జరిగింది. అది జూన్ 5న మొదలైంది కాబట్టే ఏటా ఆ రోజున మన స్కూళ్లలో పర్యావరణ దినోత్సవం. ఆతిథ్యం ఇచ్చిన స్వీడన్ ప్రధాని ఒలోఫ్ పామేను పక్కన పెడితే, స్వయంగా వచ్చిన ప్రభుత్వాధినేత ఇందిర ఒక్కరే. జూన్ 14న మాట్లాడారు.

ఆ ప్రసంగంలోంచి "పేదరికమే అతి పెద్ద కాలుష్యం" అనే వాక్యం ఒకటి పోస్టర్లకెక్కింది. ఆవిడ అలా ప్రకటించలేదు. ప్రశ్నగా అడిగారు. "పేదరికం, లేమి, ఇవి అన్నిటికంటే పెద్ద కాలుష్యకారకాలు కావా?" అని. ప్రకటనకూ ప్రశ్నకూ తేడా ఏముందంటారా? ఎదురుగా కూర్చున్నవాళ్లెవరో చూస్తే తెలుస్తుంది. పొగగొట్టాలతో సంపన్నమైన దేశాలు, ఇప్పుడిప్పుడే ఫ్యాక్టరీలు కట్టుకుంటున్న దేశాలతో "మీరు కాస్త ఆగండి" అంటున్న సందర్భం. మురికివాడలో ఉండేవాడి బతుకే మూలంలో కలుషితమై ఉంటే, వాడికి సముద్రాల శుభ్రత గురించి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అన్నది ఆవిడ వాదన. ఇప్పటికీ వాతావరణ సదస్సుల్లో మన ప్రతినిధులు, ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా, దాదాపు ఇదే వాదన వినిపిస్తారు.

కానీ ఆ ప్రశ్న వెనకాలే వచ్చిన ఉదాహరణను ఎవరూ పోస్టర్ వేయలేదు. అడవుల్లోనూ చుట్టుపక్కలా ఉండే గిరిజనులకు పని, కొనుగోలు శక్తి కల్పించకపోతే, వాళ్లు తిండి కోసం అడవిని గాలించడాన్ని, దొంగచాటు వేటను, చెట్టూచేమా పాడుచేయడాన్ని ఆపలేమని ఆవిడ అన్నారు.

ఈ మాటలు రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి, సానుభూతి: ఆదివాసీకి బతుకుతెరువు చూపించకుండా అడవి గురించి మాట్లాడొద్దు. రెండోది, అందులో దాగిన ఊహ: అడవికి ముప్పు ఆదివాసీ నుంచే. కలప కాంట్రాక్టరు, కాగితం మిల్లు, డ్యామ్ ఆ ఉదాహరణలో లేరు. పదేళ్ల తర్వాత ఏం జరిగిందో చూస్తే, ప్రభుత్వ యంత్రాంగం రెండో అర్థాన్నే పట్టుకుందనిపిస్తుంది.

ఆ సదస్సుకు చట్టపరంగా ఇంకో ఫలితం ఉంది. 253వ అధికరణం ప్రకారం, అంతర్జాతీయ సదస్సులో తీసుకున్న నిర్ణయాన్ని అమలు చేయడానికి పార్లమెంటు ఏ విషయం మీదైనా చట్టం చేయొచ్చు, రాష్ట్రాలను అడగక్కర్లేదు. 1981 వాయు కాలుష్య చట్టం పీఠికలో స్టాక్‌హోమ్ ప్రస్తావన కనిపించేది అందుకే. ఇందిర హత్య తర్వాత, భోపాల్ విషాదం తర్వాత, 1986లో రాజీవ్ హయాంలో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం కూడా అదే ఆధారం చూపిస్తుంది. అంటే ఆ ప్రయాణం దేశానికి ఒక ప్రసంగాన్నే కాదు, ఢిల్లీకి ఒక తాళంచెవిని కూడా తెచ్చిపెట్టింది.

## ఎమర్జెన్సీ చీకట్లో వచ్చిన రెండు అధికరణాలు

42వ రాజ్యాంగ సవరణ పేరు వినగానే ప్రజాస్వామ్యం మీద అభిమానం ఉన్నవాళ్లకు ఒళ్లు మండుతుంది, న్యాయమే. 1976లో ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉండగా, కోర్టుల రెక్కలు కత్తిరిస్తూ చేసిన సవరణ అది. దాంట్లోనే 48ఎ అధికరణం వచ్చింది: పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడటానికి రాజ్యం ప్రయత్నించాలి. 51ఎ(జి) కూడా అందులోదే: అది పౌరుల బాధ్యత కూడా. దాంతోపాటే అడవులు, వన్యప్రాణులు రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. నీట్ పరీక్ష గొడవలో "విద్య ఉమ్మడి జాబితాలో ఉంది కదా" అని వింటుంటాం, ఆ మార్పు కూడా ఇదే సవరణలోనిది.

ఇక 252 బతిమాలుళ్లు అక్కర్లేదు. 1980లో ఒక్క ఆర్డినెన్స్‌తో దేశంలోని అడవి ఫైళ్లన్నీ ఢిల్లీ దారి పట్టాయంటే, ఈ సవరణ వల్లే.

1977లో జనతా ప్రభుత్వం వచ్చి 42వ సవరణలోని చాలా భాగాన్ని వెనక్కి తిప్పింది. పర్యావరణ అధికరణాల జోలికి, అడవుల బదిలీ జోలికి మాత్రం పోలేదు. తర్వాత కోర్టులు 48ఎ, 51ఎ(జి)లను 21వ అధికరణంలోని జీవించే హక్కుతో కలిపి చదివి ఎన్నో తీర్పులిచ్చాయి. కోర్టుల నోరు నొక్కిన సవరణే చివరికి కోర్టుల చేతికి ఆయుధాన్నిచ్చింది. చరిత్రకు ఇలాంటి వెటకారం ఉంటుంది.

అందుకే ఆమెను తూచడం కష్టం. రాష్ట్రాల హక్కుల వైపు నుంచి చూసేవాళ్లకు ఇది కేంద్రం పెత్తనం. అడవుల వైపు నుంచి చూసేవాళ్లకు, ఆ పెత్తనం లేకపోతే మిగిలేది తక్కువ. కంచ గచ్చిబౌలి విషయంలో ఢిల్లీ జోక్యాన్ని మెచ్చుకున్నవాళ్లే మరో విషయంలో ఢిల్లీ పెత్తనాన్ని తిట్టడం చూశాం. ఇందులో కపటం లేదు, వ్యవహారమే అలాంటిది.

## సైలెంట్ వ్యాలీ: గెలుపు ఎవరి ఖాతాలో వేయాలి?

కేరళ పాలక్కాడ్ జిల్లాలో కుంతిపుళ నది మీద జలవిద్యుత్ డ్యామ్ కట్టాలని ఆ రాష్ట్ర విద్యుత్ బోర్డు పట్టుబట్టింది. డ్యామ్ కడితే పశ్చిమ కనుమల్లో మిగిలిన అరుదైన సతత హరితారణ్యం మునిగిపోతుంది. సింహానికి ఉన్నట్టు తోక చివర కుచ్చు ఉండే నల్లకోతి ఆ అడవిలో ఉంటుంది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ ఊరూరా తిరిగి ప్రచారం చేసింది. కవయిత్రి సుగతకుమారి లాంటి రచయితలు కదిలారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ, వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ వద్దన్నారు. మరోవైపు కరెంటు, ఉద్యోగాలు కావాలన్న డిమాండూ నిజమే.

మొరార్జీ ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. 1980లో తిరిగి వచ్చిన ఇందిర, శాస్త్రవేత్త ఎం.జి.కె. మేనన్ నాయకత్వంలో కమిటీ వేయించారు. 1983 నవంబర్‌లో ప్రాజెక్టు వదిలేశారు. మరుసటి ఏడాది నవంబర్‌లో జాతీయ పార్కుగా ప్రకటన వచ్చింది. రెండు వారాల ముందే ఆవిడ హత్య జరిగింది.

మరి అడవిని కాపాడింది ఎవరు? పరిషత్ కార్యకర్తలా, ప్రధానమంత్రా? ఉద్యమం లేకపోతే ఢిల్లీకి ఆ పేరే తెలిసేది కాదు. ఢిల్లీలో వినే చెవి లేకపోతే ఉద్యమం ఓడిపోయేది. ఆ కాలంలోనే దేశంలో ఎన్నో డ్యాముల దగ్గర ఉద్యమాలు జరిగాయి, ఓడిపోయాయి. కాబట్టి నాయకుడి పాత్రను సున్నా అనలేం. అలాగని ఉద్యమాన్ని పక్కన పెట్టి ఆవిడ దయ అనడం కూడా సరికాదు.

ఢిల్లీ మాటకు ఉన్న బలానికి ఇంకో చిన్న ఉదాహరణ, సముద్రతీరం. 1981 నవంబర్‌లో తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఇందిర ఒక ఉత్తరం రాశారు. పోటు నీరు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపల కట్టడాలు వద్దని. ఉత్తరానికి చట్టబలం ఉండదు, చాలామంది పట్టించుకోలేదు కూడా. కానీ పదేళ్లకు, 1991లో, తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్‌గా అదే 500 మీటర్లు తిరిగొచ్చింది. విశాఖ ఋషికొండ కట్టడాల గొడవలో పదేపదే వినబడిన సీఆర్‌జెడ్ అనే మాట పుట్టుక అది.

## ముళ్లకంచెకు అవతలివైపు

రాజస్థాన్‌లోని భరత్‌పుర్ పక్షుల పార్కు సంగతి చూద్దాం. 1980ల మొదట్లో దాన్ని జాతీయ పార్కు చేశారు. వన్యప్రాణి చట్టంలో అభయారణ్యానికీ జాతీయ పార్కుకూ తేడా ఉంది. అభయారణ్యంలో స్థానికులకు కొన్ని హక్కులు ఉండనివ్వచ్చు, పశువుల మేతకు షరతులతో ఒప్పుకోవచ్చు. జాతీయ పార్కులో మేత కుదరదు. 1982లో గేదెలను ఆపారు. తరతరాలుగా అక్కడ మేపుకునే ఊళ్లవాళ్లు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు.

తర్వాత జరిగింది వినండి. మేత ఆపమని సలహా ఇచ్చినవాళ్లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఒకటి. అదే సొసైటీ ఏళ్ల తరబడి పరిశోధించి తేల్చిందేమిటంటే, గేదెలు పోయాక నీళ్లలో గడ్డి విపరీతంగా పెరిగి, పక్షులకు చోటు తగ్గిందని. గేదె మేతే ఆ చెరువును పక్షులకు అనువుగా ఉంచింది! ఊళ్లోవాళ్లను ముందే అడిగి ఉంటే ప్రాణాలు పోకుండా తెలిసేది.

మన దగ్గర 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క 13 మంది. అక్కడి ప్రధాన సమస్య గిరిజనేతరులు ఆక్రమించిన భూములదే, కానీ అటవీ శాఖతో పోడు గొడవ కూడా దాంట్లో కలిసే ఉంది. కేంద్రంలో, రాష్ట్రంలో రెండు చోట్లా ఆమె పార్టీయే ప్రభుత్వం.

ఏజెన్సీ ఊళ్లలో ఒక తేదీకి చాలా విలువ ఉండేది: 25-10-1980. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ఆర్డినెన్స్ తేదీ. ఆ రోజుకు ముందు నుంచి పోడు కొట్టుకుని సాగుచేస్తున్నట్టు చూపిస్తే క్రమబద్ధీకరణకు అర్హత, తర్వాతైతే ఆక్రమణదారు. 1990లో కేంద్రం పెట్టిన నిబంధన ఇది. అక్షరం ముక్క రాని మనిషి ఏ సంవత్సరం నుంచి ఆ కొండవాలు దున్నుతున్నాడో కాగితం మీద ఎలా రుజువు చేస్తాడు? ఢిల్లీలో రాష్ట్ర మంత్రులను అదుపు చేయడానికి రాసిన తేదీ, కింద చెంచు, కోయ, కొండరెడ్డి మనుషుల మీద పడింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి ఆ గడువును 2005 డిసెంబర్ 13కు జరిపింది. గిరిజనులకు "చారిత్రక అన్యాయం" జరిగిందని ఆ చట్టం పీఠికలోనే రాసుకున్నారు. ఆ అన్యాయం బ్రిటిష్‌వాళ్లతోనే మొదలైందన్నదీ నిజం, 1972, 1980 చట్టాలు దాన్ని బిగించాయన్నదీ నిజం.

ఆమెను సమర్థించేవాళ్లు దీనికి చెప్పే జవాబు కొట్టిపారేయదగ్గది కాదు. 1970ల్లో పులికి మిగిలింది కొన్నేళ్లే, అందరితో చర్చించి ఏకాభిప్రాయం తెచ్చేలోపు లెక్కపెట్టడానికి పులులుండేవి కావని అంటారు. 2022 లెక్కలో దేశంలో సగటున 3,682 పులులు. అయితే 1972 అంకెతో దీన్ని నేరుగా పోల్చకూడదు. అప్పుడు అడుగుజాడలు, ఇప్పుడు కెమెరాలు. మధ్యలో, 2005లో, రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో ఒక్క పులి కూడా మిగల్లేదని బయటపడింది. ముళ్లకంచె ఒక్కటే సరిపోదని దానితో తేలింది. చుట్టూ ఉన్న ఊళ్లు శత్రువులైతే వేటగాడికి దారి చూపేవాళ్లు దొరుకుతూనే ఉంటారు.

## మెదక్ ఎంపీగారి సొంత నియోజకవర్గం

1980 ఎన్నికల్లో ఇందిర రాయ్‌బరేలీ, మెదక్ రెండూ గెలిచారు. మెదక్‌లో ఓడిపోయింది ఎస్. జైపాల్‌రెడ్డి. ఆవిడ రాయ్‌బరేలీ వదులుకుని మెదక్ ఉంచుకున్నారు. చనిపోయేదాకా మెదక్ ఎంపీయే.

ఆ నియోజకవర్గంలో పటాన్‌చెరు ఉంది. వెనకబడిన జిల్లా కాబట్టి రాయితీలిచ్చి 1970ల నుంచే అక్కడికి ఫ్యాక్టరీలను పిలిచారు. ఆవిడ ఎంపీ కాకముందు మొదలైన కథ, తర్వాత కూడా సాగింది, కాబట్టి మొత్తం నింద ఆమె మీద వేయడం అన్యాయం. కానీ నీటి కాలుష్య చట్టం 1974లోనే వచ్చింది, రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. చట్టమూ ఉంది, మండలీ ఉంది, ప్రధానమంత్రే ఎంపీగా ఉన్నారు. నక్కవాగు మాత్రం రంగు మారింది. ఆ వాగు పోయి కలిసేది మంజీరలో. చిన్నప్పుడు సంగారెడ్డి బస్సులో వెళ్తుంటే పటాన్‌చెరు దగ్గర కండక్టర్ చెప్పకుండానే అందరూ కిటికీలు మూసేసేవాళ్లు. వర్షానికేమో అనుకునేవాణ్ణి.

1990లో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాడైన పొలాలకు పరిహారం దాకా వ్యవహారం నడిచింది. 2007లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు పటాన్‌చెరులోని శుద్ధి కేంద్రం వదిలే నీటిని పరీక్షించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. ఇందిర నిలబడి పేదరికం గురించి ప్రశ్న అడిగిన దేశం నుంచే వచ్చి ఈ పరీక్ష చేశారు.

ఆవిడ పద్ధతికి ఉన్న హద్దు ఇక్కడ తేటగా కనబడుతుంది. అడవి విషయంలో ఒక పెద్ద సంతకాన్ని ఆపితే ఒక పెద్ద పని ఆగుతుంది. కాలుష్యం అలా కాదు. రోజూ రాత్రి ఎవరో ఒకరు గొట్టం తిప్పుతారు. దాన్ని ఆపడానికి ఢిల్లీ సంతకం పనికిరాదు, వాగు పక్కన నిలబడి శాంపిల్ తీసే ఉద్యోగి కావాలి, ఆ ఉద్యోగి ఇచ్చిన రిపోర్టు మీద చర్య తీసుకునే ఆఫీసు కావాలి. అలాంటి వ్యవస్థను కట్టడంలో ఆవిడ ప్రభుత్వం, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పెద్దగా శ్రద్ధ పెట్టలేదు.

## మళ్లీ కంచ దగ్గరికి: అడవి అంటే ఏది?

1980 చట్టంలో ఒక ఖాళీ మిగిలిపోయింది. 'అడవి' అనే మాటకు నిర్వచనం రాయలేదు. దాంతో ప్రభుత్వాలు రికార్డుల్లో అడవి అని ఉంటేనే అడవి అనేవి. నీలగిరి జిల్లా గూడలూరులో చెట్ల నరికివేత మీద టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఆ ఖాళీ పూరించింది. భూమి ఎవరిదైనా, రికార్డు ఏం చెప్పినా, నిఘంటువు అర్థంలో అడవి అయితే చట్టం వర్తిస్తుందని చెప్పింది. అలాంటి చోట్లను గుర్తించి జాబితా చేయడానికి ప్రతి రాష్ట్రం నిపుణుల కమిటీ వేయాలని కూడా ఆదేశించింది.

2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, నోటిఫై చేసిన భూములకు, రికార్డుల్లో అడవిగా నమోదైన భూములకు మాత్రమే దాన్ని పరిమితం చేయబోయింది. సరిహద్దుల దగ్గర రక్షణ పనులకు మినహాయింపులిచ్చింది. అభివృద్ధికి అడ్డంకులు తగ్గుతాయని కేంద్రం వాదన. ఢిల్లీకి మార్చిన సంతకాన్ని ఇప్పుడు ఢిల్లీయే సడలిస్తోందని విమర్శకుల వాదన. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, కేసు తేలేదాకా 1996 నాటి అర్థాన్నే పాటించమంది.

ఇక 'కంచ' అనే మాట. మన ఊళ్లలో కంచ అంటే సాగు చేయకుండా గడ్డికి, పశువుల మేతకు వదిలేసిన భూమి. రెవెన్యూ వాళ్ల లెక్కలో అది అడవి కాదు. మేత ఆగిపోయి యాభై ఏళ్లు మనిషి జోలికి పోకపోతే అదే కంచలో చెట్లు లేస్తాయి, జింకలు చేరతాయి. నిఘంటువు తెరిస్తే అడవి, పహాణీ తెరిస్తే ప్రభుత్వ భూమి. తెలంగాణ ప్రభుత్వం పహాణీ చూపించింది, విద్యార్థులు నెమళ్లను చూపించారు.

1996లో అడిగిన ఆ జాబితా చాలా రాష్ట్రాల్లో సరిగా తయారుకాలేదు. 2025 మార్చి 4న సుప్రీంకోర్టు మళ్లీ, నెలలోపు నిపుణుల కమిటీలు వేయకపోతే ప్రధాన కార్యదర్శులదే బాధ్యత అని హెచ్చరించింది. తెలంగాణ మార్చి 15న కమిటీ వేసింది. ఏది అడవో తేల్చే పని ఆ కమిటీ ఇంకా మొదలుపెట్టకముందే కంచలోకి జేసీబీలు దిగాయి. అంత తొందరేమొచ్చిందని ఏప్రిల్ 3న జడ్జీలు అడిగింది అదే.